వాలుమెట్ల పలక

మా బాబాయ్ కూర్చుని టీ తాగగా నేను చూడలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని వరండా ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తూ తాగుతాడు. సగం టీ నేలకే పోతుంది. పిన్ని వెనకాలే గుడ్డ పట్టుకుని తిరుగుతుంది.

"కాలు కాలిన పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు కాలు తగ్గుతుంది. నీకు తగ్గదేంటయ్యా?" అంటుంది.

ఆయనకి వినపడదు. అప్పటికే బుర్రలో ఇంకేదో కొలుస్తుంటాడు.

చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఆయనకి ఆరంగుళాల స్టీలు స్కేలుంటుంది. వీధిలో అందరూ స్కేలు మాస్టారంటారు. మాస్టారూ కాదు, పాడూ కాదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషి. నేను కాలేజీ రెండో ఏట మానేసి, మా నాన్న మొహం చూడలేక ఆయనింట్లో వచ్చి పడినప్పుడు, ఎందుకు మానేశావని అడగని మనిషి ఆయనొక్కడే. గుమ్మంలోనే ఆపి వేరే ప్రశ్న వేశాడు.

"పదిహేడు పాయింటు ఎనిమిదితో భాగించడం వచ్చా?"

"ఫోనుంది కదా బాబాయ్."

"సరే, లోపలికి రా."

ఆ అంకె ఏమిటో అప్పుడు నాకు తెలీదు. తెలిశాక నాకూ నిద్ర పట్టలేదు కొన్నాళ్ళు. అందుకే ఈ గొడవంతా రాస్తున్నాను.

బాబాయ్ ఇరవయ్యారేళ్ళు గిటార్లు చేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఇరవయ్యారేళ్ళూ ఒకటే పని. గిటార్ మెడ మీద అడ్డంగా సన్నటి లోహపు కడ్డీలు వరసగా బిగించి ఉంటాయి, చూసే ఉంటారు. వీణకున్నట్టే వాటినీ మెట్లంటాడు బాబాయ్. ఆ మెట్లు కూర్చోవడానికి, మెడ మీద అతికించే నల్లచేవ అనే గట్టి చెక్క పలకలో గాడులు కొయ్యాలి. ఫ్యాక్టరీలో ఒక ఇరుసుకి ఇరవైరెండు గుండ్రటి రంపాలు బిగించి ఉండేవి. పలక పెట్టి ఒక్క తోపు తోస్తే ఇరవైరెండు గాడులూ ఒకేసారి పడేవి. ఇంకో పలక. ఇంకో తోపు. మధ్యాహ్నం గంట కొట్టాక కూడా భుజం తోస్తూనే ఉండేదట.

ఆ గాడులన్నీ నిచ్చెన మెట్లలా తిన్నగా ఉంటాయి. కాబట్టి పలకకి కుడీ ఎడమా లేవు. పుర్రచేతివాటం వాళ్ళ గిటార్‌కైనా అదే పలక, కుడిచేతి వాళ్ళదానికైనా అదే. మేజోడు లాంటిదన్నమాట, ఏ కాలికైనా ఎక్కుతుంది. తీగలు ఎటు నుంచి ఎటు కట్టాలన్నది తర్వాత ఇంకెవరో చూసుకుంటారు. ఇరవయ్యారేళ్ళలో "ఇది ఏ చేతిది?" అని ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. కొంప ముంచింది ఇదే.

ఫ్యాక్టరీ వాళ్ళు ఏడాదికోసారి పనివాళ్ళని బస్సెక్కించి ఎటో తిప్పేవాళ్ళు. ఒకేడు మ్యూజియానికి తీసుకెళ్ళారు. మిగతావాళ్ళు కత్తులూ కిరీటాలూ చూసుకుంటూ ముందుకెళ్ళిపోయారు. బాబాయ్ ఒక గాజు పెట్టె దగ్గర ఆగిపోయాడు. లోపల నాలుగు వందల ఏళ్ళు పైబడిన వాయిద్యం ఒకటి. బల్లపరుపు వీపు, పూరేకుల్లా వంపులు తిరిగిన అంచులు, ఇనపవీ ఇత్తడివీ తీగలు. దాని మెట్లు తిన్నగా లేవు. ఏటవాలుగా ఉన్నాయి.

"పాపం, ఎవడో తాగి బిగించాడనుకున్నా మొదట" అని చెప్పేవాడు. "తాగినోడి చెయ్యైతే ఒకటి అటు, ఒకటి ఇటు పోవాలి కదా? ఇవి వరసలో ఉన్నాయిరా. వాలులో లెక్కుంది."

జేబులోంచి స్కేలు తీసి గాజు మీద ఆనించి కొలవడం మొదలుపెట్టాడట. కాపలా అతను పరిగెత్తుకొచ్చాడు. "సార్, ముక్కు తియ్యండి గాజు మీంచి. స్కేలు కూడా." దొంగతనానికి కొలతలు తీస్తున్నాడేమోనని బస్సెక్కేదాకా వెనకాలే వచ్చాడట. బాబాయ్ ఆ తర్వాత సొంతంగా ఇంకో మూడుసార్లు వెళ్ళాడు. మూడోసారికి కాపలా అతనే కుర్చీ వేశాడు. బాబాయ్ కూర్చోలేదనుకోండి.

ఆయనకి అర్థమైంది ఇది. తీగ ఎంత లావైతే, దాన్ని ఎంత కింది స్వరానికి దింపితే, దానికి అంత పొడుగు కావాలి. పొడుగు చాలకపోతే వదులైపోతుంది. వదులు తీగని గట్టిగా మీటితే స్వరం పైకి జారి, కిందికి దిగి, మూలుగుతుంది. పియానో మూతెత్తి చూస్తే చిన్నపిల్లకైనా తెలుస్తుంది, లావు తీగలు బారెడుంటాయి, సన్నవి జానెడుంటాయి. గిటార్‌కి మాత్రం అన్ని తీగలకీ ఒకటే పొడుగు. ఇంట్లో ఆరుగురు పిల్లలుంటే ఆరుగురికీ ఒకే కొలత చొక్కా కుట్టినట్టు. ఆ పాత వాయిద్యం చేసినవాళ్ళు ఏ తీగ పొడుగు దానికిచ్చారు. లావు తీగ పొడుగు, సన్న తీగ పొట్టి. మరి తీగల పొడుగులు వేరైతే మెట్టు ఒక్కో తీగ కింద ఒక్కో చోట పడాలి. ఆ చోట్లన్నీ కలిపి గీస్తే గీత వాలుతుంది. మధ్యలో ఒక్క మెట్టు తిన్నగా ఉంటుంది, మిగతావి దానికి అటూ ఇటూ విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి.

ఈ సంగతి ఫోర్‌మన్‌కి చెప్పాడు.

"స్కేలయ్యా, వంకర గీతల గిటార్ ఎవడు కొంటాడు?" అన్నాడట ఫోర్‌మన్.

"చెవులున్నోడు కొంటాడు సార్."

"చెవి కొనదయ్యా. కొట్లో కొనేది కన్ను. పలక తొయ్యి."

తోశాడు. ఇంకో పదేళ్ళు తోశాడు. కానీ మనిషికి స్థిమితం పోయింది. తిన్నగా ఉన్న ప్రతి గీతా అబద్ధంలా కనపడేదట. మీట నొక్కితే చాలు తనంతట తనే కోసే యంత్రం వచ్చాక, మీట నొక్కడానికి నేనెందుకని బయటికొచ్చేశాడు. ఆఖరి రోజు, చెక్కలు ఏరే ముసలాయన ఆయన చేతిలో ఒక నల్లచేవ పలక పెట్టాడు. ఒక వైపు గోధుమరంగు చార ఉందని పక్కన పారేసింది. ఇంటి ముందుగదిలో వాయిద్యాలు బాగుచేసే పని పెట్టుకున్నాడు. పలక అటక మీద ఉండిపోయింది. వాలుమెట్ల గిటార్ కోసమని ఒళ్ళూ మెడా మాత్రం చెక్కి మంచం కింద పెట్టాడు. గిటార్ ఒళ్ళంటే ఇక్కడ రెండు పక్కలా ఒకేలా ఉండే చెక్క దిమ్మే, కరెంటు గిటార్ కాబట్టి. పలక జోలికి వెళ్ళలేదు. ఉన్నది ఒక్కటి. తప్పు కోస్తే మళ్ళీ రాదు.

ఈమధ్య ముప్పై నలభై ఏళ్ళుగా అక్కడక్కడా ఇలాంటి గిటార్లు మళ్ళీ చేస్తున్నారని నేను ఫోన్లో చూపించాను, సంతోషిస్తాడనుకుని. బొమ్మ వంక చాలాసేపు చూశాడు.

"నేనూ చేసుండేవాణ్ణి" అని ఫోన్ నా ఒళ్ళో పడేసి నడవడం మొదలుపెట్టాడు.

ఆయన్ని అటక ఎక్కించింది కూతురు. మా అక్కని ఇంట్లో అందరం పుర్ర అంటాం. పుట్టినప్పటి నుంచీ పుర్రచెయ్యే. తొమ్మిదో ఏట గిటార్ కావాలంటే బాబాయ్ మామూలు గిటార్ తెచ్చి, తీగలు తిరగవేసి కట్టిచ్చాడు. అంతే, పది నిమిషాల పని. ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. పగలు పిల్లలకి సంగీతం చెబుతుంది, సాయంత్రాలు ఏడు తీగల గిటార్ వాయిస్తుంది. ఏడో తీగ అన్నిటికన్నా లావు, అన్నిటికన్నా కింది స్వరం.

ఒక నాటక బృందం వాళ్ళు తమ సంగీతానికి గిటార్ వాయించే మనిషి కావాలన్నారు. ఊరూరా ఏడాది పాటు తిరిగే పని. దాని పెద్ద ఒకాయన, చేతిలో ఎప్పుడూ పెన్సిలుంటుంది, తాళం దానితోనే. ఆయన పుర్ర వాయించింది విని పెన్సిల్ ఆపేశాడు.

"పై తీగలు బాగున్నాయమ్మా. కిందిది మూలుగుతోంది. నా నాటకంలో సగం ఆ కిందిదాని మీదే ఉంది."

"గిటార్ పొడుగు చాలదండీ, అందుకని..."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు చెప్పకు. వచ్చే శుక్రవారం కాదు, ఆపై శుక్రవారం రా. ఆ తీగ శుద్ధంగా పలికితే కుర్చీ నీది. లేదంటే ఇంకో అబ్బాయి ఉన్నాడు, కాచుక్కూర్చున్నాడు."

ఇంటికొచ్చి ఈ మాట నవ్వుతూనే చెప్పింది. చెబుతూ చెబుతూ చెప్పులు విప్పడం మర్చిపోయి గదిలో నిలబడిపోయింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పని అది. మాకు తెలుసు.

బాబాయ్ నడక ఆగింది. నేను చూడగా మొదటిసారి.

"మద్దెల నిజంగానే ఓడైతే?" అన్నాడు. ఎవర్నీ కాదు. నిచ్చెన కోసం పెరట్లోకి వెళ్ళాడు.

పన్నెండు రోజులున్నాయి.

మర్నాడు పొద్దున్నే పలకని బల్ల మీద పరిచాడు. చార ఉన్న వైపు కిందికి, నల్లగా నిగనిగలాడే వైపు పైకి. రెండు కాగితపు పట్టీలు కోశాడు. లావు తీగకి ఇరవయ్యేడు అంగుళాల పట్టీ, సన్న తీగకి ఇరవయ్యైదున్నర. మొత్తం పొడుగుని పదిహేడు పాయింటు ఎనిమిదితో భాగిస్తే వచ్చినదాని దగ్గర మొదటి మెట్టు. మిగిలిన పొడుగుని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండో మెట్టు. ఇలా ఇరవైనాలుగు మెట్లు, రెండు పట్టీలకీ కలిపి నలభై ఎనిమిది భాగహారాలు. నేను ఫోన్లో కొట్టి చదివాను. ఆయన పెన్సిల్‌తో మళ్ళీ చేసుకుని, "ఫోన్ కరెక్టే" అని ఒప్పుకున్నాడు, మనసు లేకుండా.

"మరి తిన్నగా ఉండే మెట్టు ఎన్నోది?" అన్నాను.

"తొమ్మిదోది. దాని చెయ్యి ఎక్కువ తిరిగేది అక్కడే. అక్కడ చేతికి కష్టం ఉండకూడదు."

కూతురి చెయ్యి ఏ మెట్టు దగ్గర తిరుగుతుందో తెలిసిన మనిషి, అది ఏ చెయ్యో మర్చిపోయాడు.

ఒక అంచున పెన్సిల్‌తో "లావు" అని రాశాడు. రెండో అంచున "సన్న". తొమ్మిదో గుర్తులు ఎదురెదురుగా వచ్చేట్టు పట్టీలు అంచులకి అంటించి, చుక్కకీ చుక్కకీ స్టీలు స్కేలు ఆనించి కత్తితో గీతలు గీశాడు. రంపం పళ్ళ పైన కర్రముక్క బిగించాడు, లోతు రెండున్నర మిల్లీమీటర్లు దాటకుండా. రెండు రోజులు కోశాడు. ఒక్కో గాడికీ ఊపిరి బిగబట్టేవాడు, అయ్యాక వరండాలోకి వెళ్ళి రెండు చుట్లు తిరిగొచ్చేవాడు. ఇరవైనాలుగు గాడులు, నలభై ఎనిమిది చుట్లు. పిన్ని ఆ రెండు రోజులూ వరండాలో మిరపకాయలు ఎండబెట్టలేకపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం పుర్ర బడి నుంచి వచ్చింది. పలక బల్ల మీద ఎండలో ఉంది. ఇరవైనాలుగు సన్న గీతలు, విసనకర్ర విప్పినట్టు. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది.

"అబ్బ, నాన్నా!" అని ఎత్తింది. రొమ్ముకి అడ్డంగా గిటార్‌లా పట్టుకుంది. కుడిచేతి వేళ్ళు గీతల మీద వేసింది. తీసింది. మళ్ళీ వేసింది.

"నాన్నా."

"ఆఁ."

"ఇది ఎవరికోసం చేస్తున్నావ్?"

"అదేం ప్రశ్నే?"

"లావు తీగ నాకు ఈ అంచున ఉంటుంది." వేలితో చూపించింది. ఆ వేలి కింద బాబాయ్ దస్తూరీలో "సన్న" అని ఉంది.

గదిలో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. పిన్ని తల తిప్పింది.

బాబాయ్ పలక తీసుకుని చూశాడు. తలకిందులు చేసి చూశాడు. తలకిందులు చేస్తే అంచులు మారతాయి కానీ తల వైపు ఉండాల్సిన ఎడం గాడులు ఒళ్ళు వైపుకొస్తాయి, అదీ పనికిరాదు. మళ్ళీ తిప్పాడు. గోడకి వేలాడే గిటార్ని ఎదురుగా నిలబడి చూస్తే లావు తీగ ఎడమ పక్కనుంటుంది. ఇరవయ్యారేళ్ళు కళ్ళముందు అలాగే వేలాడింది. అలాగే గీశాడు. మేజోడు కుట్టే చెయ్యి మొదటిసారి చెప్పు కుట్టింది, కుడికాలిది కుట్టింది.

"లావు తీగకి పొట్టి పొడుగు, సన్న తీగకి పెద్ద పొడుగు. ఉన్నదానికంటే ఘోరం" అన్నాను. అననక్కర్లేదు. నా నోరు అంతే.

"నువ్వు నోర్ముయ్యరా" అంది పుర్ర. తర్వాత తండ్రితో, "పోనీ నాన్నా. పాతదే తీసుకెళ్తా. కాస్త మెల్లగా మీటితే మూలగదులే."

"మెల్లగా మీటితే నాటకంలో ఎవడికి వినపడుద్ది?"

"వినపడకపోతే ఆ ఇంకో అబ్బాయి ఉన్నాడుగా."

అదీ నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూడలేక బాబాయ్ బయటికి నడిచాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

సాయంత్రం దాకా తిరిగాడు. నేను బండి మీద వెతుక్కుంటూ వెళితే కలప దుకాణాల వీధిలో దొరికాడు. తలుపు చట్రాల చెక్క ఉంది, మంచం కోళ్ళ చెక్క ఉంది, అంత గట్టి నల్లచేవ ఎక్కడా లేదు. ఒక కొట్టువాడు తెప్పిస్తానన్నాడు, మూడు వారాలట.

"ఎక్కు బాబాయ్."

"నడుస్తా."

"అరికాళ్ళు చూసుకున్నావా?"

"నడుస్తానన్నానా!" అన్నాడు. నేను బండి దిగి తోసుకుంటూ పక్కన నడిచాను. దారిపొడుగునా ఒక్కటే మాట. "ఇరవయ్యారేళ్ళురా. ఒక్కసారి అడిగుంటే సరిపోయేది. ఏ చెయ్యి అని."

ఇంటికొచ్చేసరికి పిన్ని వీధి చివరి బడిపిల్లల చొక్కాలు కుడుతోంది. పలక ఆమె మిషన్ పక్కనే ఉంది. బాబాయ్ దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

"పొయ్యిలో పెట్టెయ్" అన్నాడు.

"పెడతాలే. ముందు ఇది చూడు." పిన్ని చొక్కా చెయ్యి కోసే కాగితం ఎత్తి పట్టుకుంది. "ఇది ఏ చెయ్యి?"

"నాకేం తెలుసు?"

"కుడిచెయ్యి. ఎడమచేతికి వేరే కాగితం లేదు నా దగ్గర. ఏం చేస్తానో తెలుసా?" కాగితాన్ని బోర్లా తిప్పి గుడ్డ మీద పరిచింది. "కొత్తలో తిప్పడం మర్చిపోయి పదకొండు చొక్కాలకి రెండేసి కుడిచేతులు కోశా. నువ్వు ఒక్క పలకకే చెప్పుల్లేకుండా ఊరేగావు."

"కాగితానికి రెండు వైపులా ఒకటే కదే. దీనికి గాడులు ఒక వైపే..."

అని ఆగిపోయాడు.

పిన్ని అరచెయ్యి పైకి చూపించి, బోర్లా తిప్పింది. బొటనవేలు ఇటునుంచి అటు వెళ్ళింది. బాబాయ్ పలకని అందుకుని నిలువునా బోర్లా వేశాడు. పై వైపు ఇప్పుడు ఖాళీ, గోధుమరంగు చారతో. గాడులు కింద ఉన్నాయి. "లావు" అంచు ఎడమ నుంచి కుడికి వచ్చింది. పుర్రకి కావాల్సిన చోటికి. ఈ కొత్త వైపు గాడులు కొయ్యాలంటే ఎక్కడ కొయ్యాలి? సరిగ్గా పాతవాటి నెత్తిన.

"నెత్తిన కోస్తే తెగిపోదూ?" అన్నాను.

ఆయన అప్పటికే పలక మందం కొలుస్తున్నాడు. ఏడు మిల్లీమీటర్లు. కిందొక రెండున్నర, పైనొక రెండున్నర. మధ్యలో మిగిలేది రెండు. అంటే గోరంత మందం మీద ఇరవైనాలుగు చోట్ల ప్రాణాలు పెట్టుకోవాలి.

"ముందు పాత గాడులు పూడ్చాలి. గాడి వెడల్పుకి సరిపోయే పల్చటి చెక్క పొర కావాలి" అని గది చుట్టూ చూశాడు. కళ్ళు పిన్ని బీరువా తలుపు దగ్గర ఆగాయి. ఆ తలుపు మీద అంటించిన చెక్క పొర ఒక మూల లేచి చాలా కాలమైంది.

"ఏయ్, నా బీరువా జోలికొచ్చావంటే..."

"సలహా ఎవరిచ్చారు?"

"సలహా ఇచ్చాను. బీరువా ఇస్తానన్లేదు."

ఇచ్చింది. లేచిన మూల దగ్గర పట్టుకుని బాబాయ్ చర్రున లాగితే, "మొత్తం లాగకు, ఆ అద్దం దాకా వద్దు" అని వెనక నిలబడి అరిచింది. తెల్లటి పొర. దాన్ని సన్న పట్టీలుగా కోసి, జిగురు పూసి, పాత గాడుల్లోకి దింపాడు. అంచు పక్కనుంచి చూస్తే నల్లచెక్కలో తెల్ల చుక్కల్లా కనిపిస్తున్నాయి. దాచడానికి రంగు పూద్దామన్నాడు. పుర్ర వద్దంది.

"ఉండనీ నాన్నా. వాయించేటప్పుడు నాకు పైనుంచి కనపడేది ఆ అంచే. మెట్టు ఎక్కడుందో చుక్క చెబుతుంది."

జిగురు ఆరాక పై వైపు కోత మొదలైంది. ఈసారి వరండా చుట్లు లేవు. బల్ల దగ్గరే నిలబడ్డాడు. ఒళ్ళు వైపు నుంచి తల వైపుకి కోసుకొస్తున్నాడు, నాలుగో మెట్టు దాకా బాగానే వచ్చాయి. మూడో మెట్టు దగ్గర రంపానికి కట్టిన కర్రముక్క జరిగింది. టక్ మంది. చిన్న శబ్దమే. ముగ్గురం లేచి నిలబడ్డాం. అంచున బొటనవేలంత మేర పలక చీలింది.

బాబాయ్ ఆ చీలికలోకి సూదితో జిగురు ఎక్కించి, బిగింపు వేసి, "రేపటిదాకా ఎవరూ దీని మొహం చూడొద్దు" అన్నాడు. తను మాత్రం గంటకోసారి వెళ్ళి చూసొచ్చాడు.

ఆరింది. నిలబడింది. మిగతా రెండు మెట్లూ కోశాడు. పలకని మెడకి అతికించడం, మెట్లు కొట్టడం, వాటి తలలు సమంగా ఆకురాయి పట్టడం, బిరడాలు బిగించడం, ఒళ్ళు మీద ఏడు తీగలూ ఆనడానికి ఏడు వేరువేరు ఆసరాలు వాలుగా వరసపెట్టడం, ఇవన్నీ నాలుగు రోజుల్లో అయ్యాయి. బాబాయ్ కోసుకున్న కుడి బొటనవేలికి గుడ్డ కట్టుకుని అన్నం ఎడంచేత్తో తిన్నాడు.

"ఇప్పుడు తెలిసిందా నా బాధ?" అంది పుర్ర.

గురువారం సాయంత్రం తీగలు ఎక్కాయి. పుర్ర గిటార్‌కి స్పీకర్ తగిలించి ఏడో తీగని కిందికి దించింది. ఇంకా దించింది. మీటింది. మూలుగు లేదు. తీగ కదిలింది, స్వరం కదల్లేదు. గదిలో కిటికీ రెక్క ఒకటి అదిరింది. పిన్ని, "ఇదేనా? దీనికా నా బీరువా?" అని ఇంకోసారి మీటమంది. తర్వాత ఇంకోసారి.

శుక్రవారం నేను తెలిసినవాళ్ళ నీళ్ళ డబ్బాల వ్యాన్ అడిగి తెచ్చి ముగ్గుర్నీ తీసుకెళ్ళాను. బృందం సాధన చేసేది పాత గోడౌన్‌లో. పుర్ర లోపలికెళ్ళింది. పిన్ని వ్యాన్ మెట్టు మీద కూర్చుంది. బాబాయ్ గోడౌన్ గోడ వెంబడి నడవడం మొదలుపెట్టాడు, ఈ కొస నుంచి ఆ కొసకి. రేకు తలుపు కింద జానెడు సందుంది. దాంట్లోంచి అంతా వినపడుతోంది.

ముందు పై తీగలు. తర్వాత కిందిది. పెన్సిల్ బల్ల మీద తాళం వేస్తోంది. ఆగింది.

"ఇంకా కిందికి దించగలవా?"

"దించుతానండీ."

ఏడో తీగ మళ్ళీ మోగింది. బాబాయ్ తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూలబడి సందుకి చెవి పెట్టాడు.

"ఏంటమ్మా ఈ గీతలన్నీ వాలిపోయాయి?"

"నా చేతికి తగ్గట్టు కోశారండీ."

"ఎవరు?"

"మా నాన్న."

"ఈ గోధుమరంగు చారేంటి?"

"అది చెక్కలోనే ఉంది."

పెన్సిల్ రెండుసార్లు కొట్టుకుంది. "సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఇక్కడుండు. ఆలస్యమైతే ఒప్పుకోను."

పిన్ని లేచి నిలబడింది. ఏడ్చిందో లేదో నేను చూడలేదు, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పుర్ర తలుపు తోసుకుని వచ్చింది, గిటార్ రెండు చేతులతో చంటిపిల్లలా ఎత్తుకుని. వచ్చి తండ్రి ముందు నిలబడింది. ఏదైనా అంటాడని.

బాబాయ్ మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ లేచాడు. జేబులోంచి స్కేలు తీశాడు.

"మూడో మెట్టు దగ్గర ఒక వెంట్రుకవాసి ఎక్కువ పలుకుతోంది" అన్నాడు. "సోమవారం దాకా టైముంది. ఇటియ్యి."

"నాన్నా, ఆయనకే వినపడలేదు!"

"నాకు వినపడింది. ఇటియ్యవే."

రోడ్డు మధ్యలో ఇద్దరూ గిటార్ చెరో కొస పట్టుకుని నిలబడ్డారు. వెనక లారీ హారన్ కొడుతోంది.